కొళాయి దాకా పందెం

బెంగళూరు రేసుకోర్సులో నేను అడుగు పెడితే బుకీలు హడావుడిగా ధరలు మార్చేవాళ్లని మా ఆదోని వీధిలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పగా చెప్పగా నాకే నమ్మకం కుదిరింది. నిజానికి అక్కడ నన్ను గుర్తుపట్టే మనిషి ఒక్కతే, గేటు దగ్గర ఉడకబెట్టిన శనక్కాయలు అమ్మే ఆమె. ఆమె కూడా ఇంకెవరో అనుకుని పలకరించేదేమో.

పద్ధతి మాత్రం నాదే. ముప్పై ఏళ్లు మార్కెట్‌లో పత్తి నాణ్యం చూసినవాణ్ణి. చిటికెడు దూది లాగి చూసి పోగు పొడవు చెప్పేవాణ్ణి. గుర్రానికీ అదే చూపు చాలనుకున్నాను. పుస్తకంలో గుర్రానికొక పేజీ. మోసే బరువెంత, ఎన్నాళ్లు విశ్రాంతి తీసుకుంది, నేల తడా పొడా, జాకీ ఎవరు, కిందటిసారి ఎన్నోదిగా వచ్చింది. ఒక్కో గడికి ఇన్ని మార్కులని వేసి కూడితే ఏది ముందొస్తుందో పుస్తకమే చెబుతుంది. పది పందేలకు ఎనిమిది సరిగ్గా చెప్పిందని అంటుంటాను. నాలుగనుకోండి. సరే, మూడు.

బెంగళూరు పోవడం మానేసి చాలా కాలమైనా పుస్తకం ఇంట్లోనే ఉంది. పోయిన ఏడాది మా ఇంటామె స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. కర్నూలులో ఆపరేషన్ అయింది. పంపించేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి, రోజూ నడిపించమన్నాడు. మంచానికి అలవాటు పడితే ఇక లేవదన్నాడు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. నాలోనే పెట్టుకుని ఇంటికొచ్చాను.

వండటం నాకు రాదు. కాళ్లకు నూనె రాస్తే చక్కిలిగింతలని తిడుతుంది. వచ్చింది ఒకటే కాబట్టి పుస్తకం తీసి, ఖాళీ పేజీలో ఆమె పేర గడులు గీశాను. బరువు అరవై ఎనిమిది కిలోలు. విశ్రాంతి ఇరవై రెండు రోజులు. నేల బండపరుపు, పొడి. కిందటి పరుగు, మంచం నుంచి వంటింటి గుమ్మం దాకా, మధ్యలో రెండు తిట్లు. జాకీ నేనే. జాకీకి పదికి తొమ్మిది వేసుకున్నాను.

పక్కింటి భాయ్ ఒకప్పుడు స్టేషన్ దగ్గర జట్కా తోలినవాడు. నాకు కాగితం మీది గుర్రాలు తెలుసు, ఆయనకు లద్ది వేసే గుర్రాలు తెలుసు. పేజీ చూసి పకపకా నవ్వాడు.

"జాకీకి తొమ్మిదా? రెండిచ్చినా ఎక్కువేనన్నా."

"అది పక్కన పెట్టు భాయ్. ఆదివారానికి వీధి కొళాయి దాకా నడుస్తాదా, నడవదా?" మా గడప నుంచి కొళాయి నలభై అడుగులు.

"నడుస్తాది. కావాలంటే పందెం."

"ఏం సూసి చెప్తాండావు?"

"కాగితంలో గుర్రం యాడుంటాదన్నా? దాని సెవులు సూడాల. నిన్న కొళాయి కాడ ఆడోళ్లు కొట్లాడుకుంటాంటే వదినె మంచంలోనుంచే మెడ ఎత్తినాది. పోవాలని మనసుంది."

ఓడినవాడు వారం రోజులు బొరుగుల ఉగ్గాని, బజ్జీ తినిపించాలని అనుకున్నాం.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఈ కథ ఎవరికి చెప్పినా నేను ఆమె మీదే పందెం కాశానని చెప్పాను. కాదు. రెండుసార్లు మార్కులు కూడి చూశాను. మూడోసారి జాకీకి పది వేసి కూడి చూశాను. అయినా నడవదనే వచ్చింది. పద్ధతి తప్పాలని మొక్కుకుంటూ పద్ధతి వైపే కాసిన మనిషిని ఈ ఊళ్లో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

శనివారం పుస్తకం ఆమె మంచం మీద మరిచిపోయాను. తిరిగొచ్చేసరికి ఒళ్లో పెట్టుకుని చదువుతోంది.

"అరవై ఎనిమిదేంది? అరవై ఆరే నేను."

"వాకర్ కలిపినా."

"భాయ్‌తో పందెమంట గదా. నువ్వు యా పక్క?"

నేను పైకప్పు చూశాను.

"నిన్నేనయ్యా. యా పక్క?"

"లెక్క అట్ల వచ్చినాదే."

ఆమె పుస్తకం నా వైపు తోసింది.

"ఎమ్మిగనూరులో మా నాయన మగ్గం గుంతలో పదేండ్లకే కాళ్లు దించినా. పెండ్లయ్యే దాకా తొక్కినా. దానికి గడి యాడుంది దీంట్లో?"

లేదు. పెళ్లయిన కొత్తలో ఎమ్మిగనూరు బస్టాండులో దిగితే వాళ్ల వీధి దాకా ఆమె ముందు, సంచులతో నేను ఆయాసపడుతూ వెనక. ఏ గుర్రం ఏ గుర్రానికి పుట్టిందో నోటికి చెప్పేవాణ్ణి, ఈ కాళ్లు మాత్రం గుర్తు రాలేదు.

ఆదివారం ఎండ ముదరకముందే బయల్దేరాం. భాయ్ అప్పటికే కొళాయి గట్టు మీద కూర్చున్నాడు. నేను నడుం పట్టుకోబోతే ఆమె నా చెయ్యి తోసేసింది.

"జాకీ వద్దు. వెనక రా."

పదిహేను అడుగులు, ఇరవై. ఇరవై ఆరు దగ్గర ఆగింది. వాకర్ మీదికి వంగింది.

"గెలుస్తాండావు గదా. సంతోషమేనా?" అంది, వెనక్కి తిరగకుండానే.

"ఓడిపోతానే. నన్ను ఓడగొట్టు," అన్నాను.

ఆమె కాలు ముందుకు వేసింది. కొళాయి దగ్గర ఆగలేదు. నా మీద కోపమో ఏమో, దాటి ఇంకో రెండిళ్లు పోయింది. వీధంతా చప్పట్లు కొట్టిందని చెబుతుంటాను. నిజానికి నీళ్లకొచ్చిన ఒకామె, "జరుగు పెద్దమ్మా, బిందె తగుల్తాది," అంది. అంతే.

ఆ రెండిళ్ల అవతల ఆమె గోడకు ఆనుకుని, "ఇంగ నా వల్ల గాదు," అంది.

నా పద్ధతిలో దీనికీ గడి లేదు. గెలుపు గీత దాటిన గుర్రం తిరిగి ఎలా వస్తుందో నేనెప్పుడూ చూడలేదు, అప్పటికే డబ్బులిచ్చే కిటికీ వైపు పరుగెత్తేవాణ్ణి. భాయ్ మాత్రం లేచి ఎవరింట్లోనో కుర్చీ అడిగి తెచ్చాడు.

"కూసో వదినె. నీళ్లు తాగు. తోలినాక యంటనే తిప్పగూడదు."

తిరిగి రావడానికి అరగంట పట్టింది. పది అడుగులకొకసారి భాయ్ కుర్చీ వేసేవాడు. చివరికి ఆమె వాకర్ వదిలేసి నా భుజం పట్టుకుని బరువంతా వేసింది. నేను బండలా నిలబడ్డానని అందరికీ చెబుతాను. తూలాను. పడిపోకుండా నన్ను పట్టుకున్నది ఆమె.