మా పేరున్న వాళ్ల సమ్మేళనం

ఒకే పేరున్న వాళ్లందరూ ఒకచోట చేరి సమ్మేళనం పెట్టుకోవడమంత రోత పని ఇంకోటి లేదు. ఈ సంగతి అప్పుడు తెలియక, చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్లాను.

మా వైపు వాడకిద్దరు ముగ్గురికి ఉండే పేరది. పిల్లలు నిలవకపోతే మా వైపు దేవుడొకాయనకు మొక్కుకోవడం, పుట్టినవాడికి ఆయన పేరే పెట్టుకోవడం. మా లక్సెట్టిపేట బడిలో ఒక్క తరగతిలోనే నలుగురం ఉండేవాళ్లం. ఎవరో వాట్సాప్ గ్రూపు పెడితే అది ఇచ్చోడ దాకా పాకింది. చివరికి మంచిర్యాలలో ఫంక్షన్ హాలు మాట్లాడారు.

ఆ నలుగురిలో నా పక్కన కూర్చునేవాడు ఇప్పుడు మంచిర్యాలలో మోరీలు తీస్తాడు, మురిక్కాలవల పని. వాడు రానన్నాడు. "అండ్ల పెద్ద పెద్దోళ్లుంటరు, నేనెందుకురా?" అన్నాడు. అందరిదీ ఒకటే పేరైనప్పుడు పెద్దా చిన్నా ఏముంటుందని నేనే దబాయించి తీసుకెళ్లాను. కాలేజీలో పాఠాలు చెప్పి చెప్పి ఇలాంటి మాటలు నా నోటికి తేలిగ్గా వస్తాయి.

సమ్మేళనానికి పెద్ద ఒక ప్లాట్ల వ్యాపారి. పేరు చెప్పి టైం పాడు చేయొద్దని, ఎవరేం చేస్తారో చెబితే చాలని మైకులో అన్నాడు. డాక్టరుకు, బ్యాంకు మేనేజరుకు చప్పట్లు కొట్టారు. పత్తి వ్యాపారికి ఇంకా గట్టిగా కొట్టారు. బొగ్గుబావిలో చేసి రిటైరైనాయనకు ఏదో మర్యాదకు నాలుగు. సౌదీలో గొర్రెలు కాసి వచ్చినాయన "ఫారిన్ల ఉండొచ్చిన" అని గబుక్కున కూర్చున్నాడు. నేను ప్రిన్సిపాల్‌నని చెప్పుకున్నాను. ఇన్‌చార్జిగా చేసింది మూడు నెలలే.

మావాడు మాత్రం మోరీలు తీస్తానని ఉన్నదున్నట్టు చెప్పాడు. చప్పట్లకు ఎత్తిన చేతులు ఒళ్లోకి దిగిపోయాయి. ప్లాట్లాయన వెంటనే అందుకుని, మన పేరుకు గౌరవం తెచ్చేది ఇలాంటివాళ్లేనని ఉపన్యాసమిచ్చి, వాడికి శాలువా కప్పి ఫొటో దిగాడు. వాడి ముఖం వెలిగిపోయింది. ఆ ఫొటో ఇంటికి పంపమని ఫోను నా చేతికిచ్చాడు. వాణ్ణి తెచ్చినందుకు నా మీద నాకే మెప్పు కలిగింది.

తర్వాత బగారన్నం, మటన్ వడ్డించారు. వాడు రెండు ముద్దలు తిన్నాడో లేదో, చేతులు కడిగే చోట మోరీ జామై ఎంగిలి నీళ్లు మెతుకులతో సహా హాల్లోకి వచ్చాయి. ప్లాట్లాయన తెల్ల పంచె పైకెత్తి పట్టుకుని, మా అందరికీ ఉన్న ఆ పేరే పెట్టి కేకేశాడు. పేరు వెనక గారు లేదు.

"జర ఇటు రా, గిది చూడు."

ఆ హాల్లో ఆ పేరున్నవాళ్లం అరవై మందిమి. నన్నేనా పిలిచిందని ఒక్కడూ అడగలేదు. డాక్టరు, మేనేజరు, పత్తాయన, సౌదీ ఆయన, అందరూ మావాడి వైపే చూశారు. అందరికంటే ముందు తిరిగింది నా తల.

వాడు శాలువా మడిచి కుర్చీ మీద పెట్టాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకున్నాడు.

"నువ్వు తినురా, నేనిప్పుడే వస్త," అన్నాడు.

మటన్ రెండోసారి వచ్చింది. నేను వద్దనలేదు.