సోమవారం మామయ్య

లోకంలో అందరికీ శనివారం తర్వాత ఆదివారం వస్తుంది. మామయ్య షాపులో మాత్రం శనివారం తర్వాత తిన్నగా సోమవారమే. ఆయన కార్లకి సీట్లు కుడతాడు. "శనివారం సాయంత్రానికల్లా మీ కారు సిద్ధం, నాది పూచీ" అని గుండె మీద చెయ్యేసుకుని మరీ చెబుతాడు. తీరా శనివారం సాయంత్రం వెళితే కారు ఉంటుంది, సీటు ఉండదు. సీటు ఉంటే కవరు ఉండదు. రెండూ ఉన్నాయంటే మామయ్య ఉండడు. ఊరంతా ఆయన్ని సోమవారం మామయ్య అనడం మొదలుపెట్టి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు.

ఈ పేరు వల్ల మామయ్యకి పోయిందేమీ లేదు. పోయిందంతా మేనకోడలికే. షాపులో రెగ్జిన్ కత్తిరించేది, వచ్చినవాళ్ళతో మాట్లాడేది, కుట్టిన సీట్లు తిరిగి కార్లలో బిగించేది ఆ అమ్మాయే. ఫోను ఎత్తేది కూడా ఆమే కాబట్టి ఊరి తిట్లన్నీ ముందు ఆమె చెవిలో పడి, ఆ తర్వాతే మామయ్య దాకా వెళ్ళాలి. అక్కడికి వెళ్ళాక అవి ఏమవుతాయో తెలీదు. మెళ్ళో టేపు, చెవి మీద పెన్సిలు, చేతిలో టీ గ్లాసుతో ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునే ఉంటాడు.

"మామయ్యా, నా కారేది?" అని వచ్చినవాడికి ఆయన ఏనాడూ లేదని చెప్పలేదు. కారణం చెబుతాడు. చెప్పిన కారణమే మళ్ళీ చెప్పడం తన పనితనానికి తలవంపులని ఆయన నమ్మకం.

"స్పాంజి ఆరలేదు బాబూ."

"ఇంత ఎండలోనా?"

"ఆరింది. మళ్ళీ తడిసింది."

"ఎలా తడిసింది?"

"మరీ ఎక్కువ ఆరిపోయిందని నేనే కాస్త తడిపాను."

ఇంకోసారి ఒక కుర్రాడి సీటు మీద పిల్లి ఈనిందన్నాడు. "ఇంకా కళ్ళయినా తెరవని పసికూనలు. లేపమంటే లేపుతాను, ఆ పాపం మాత్రం నీది." కుర్రాడిది మెత్తటి మనసు. సోమవారం వస్తూ పిల్లికూనలకని పాలు తెచ్చాడు. షాపులో అసలు పిల్లే లేదు. మేనకోడలు ఆ పాలతో టీ పెడితే, మామయ్య కుర్రాడికీ ఒక గ్లాసిచ్చి "తల్లీపిల్లలు క్షేమం" అని చల్లటి కబురు చెప్పాడు.

"ఆలస్యం అమృతం విషం అన్నారు మామయ్యా!" అని ఇంకొకడు పళ్ళు నూరాడు.

"అందులో మొదటి రెండు మాటలూ పట్టుకో బాబూ. మూడోది వదిలెయ్."

పోనీ మనిషి బద్ధకస్తుడా అంటే అదీ కాదు. బడిపిల్లల్ని తీసుకెళ్ళే వ్యాను డ్రైవరు పొద్దున సీటు ఇచ్చి వెళితే మధ్యాహ్నానికి కుట్టి చేతిలో పెట్టేవాడు. ఆస్పత్రి నర్సమ్మ కారుకి బెల్టు తెగితే భోజనం మానేసి బిగించాడు. "వీళ్ళకి గంటలో చేశావు, వాళ్ళని వారాలు తిప్పుతున్నావు. ఏంటి మామయ్యా ఇది?" అని అడిగితే "చెయ్యి కుదరాలమ్మా" అనేవాడు. మేనకోడలు తల పట్టుకునేది.

ఆయనకీ ఒక చిన్న కారుంది. బెల్టు పెట్టుకోనిదే తాళం తిప్పడు. పక్కవాళ్ళు పెట్టుకోకపోతే తిప్పిన తాళం తీసేస్తాడు. ఆ కారు వెళ్ళే వేగానికి సైకిళ్ళ వాళ్ళు పక్కకొచ్చి, కుశలం అడిగి, ఇంట్లో అందరి గురించీ కనుక్కుని, వెళ్ళొస్తామని చెప్పి ముందుకు వెళ్ళిపోతారు.

అలాంటి షాపుకి ఒక మంగళవారం మేనకోడలి తమ్ముడు తన కారు తెచ్చాడు. ఫోన్ల దుకాణంలో పనిచేస్తూ ఎవరో వాడి వదిలేసిన బుల్లి కారు కొనుక్కున్నాడు. దాని రెండు పక్కలా మంటల బొమ్మలు అంటించి, వెనక ఏదో గొట్టం పెట్టించాడు. దాంతో ఆ కారు సందు మొదట్లో ఉండగానే సందు చివర పసిపిల్లలు లేచి ఏడుస్తున్నారు.

"మామయ్యా, ముందు సీటు నడుం పట్టుకునేలా కుట్టాలి. వెనక సీటూ బెల్టులూ పీకెయ్. దండగ బరువు" అన్నాడు తమ్ముడు.

"దానికేం భాగ్యం అల్లుడూ! శనివారం తీసుకుపో" అన్నాడు మామయ్య, గుండె మీద చెయ్యేసుకుని.

శనివారం తమ్ముడు వచ్చాడు. కుట్టు వంకరపోయిందన్నాడు మామయ్య. మేనకోడలు వెళ్ళి చూసింది. కుట్టు గీత గీసినట్టుంది.

"సొంత మేనల్లుడికి కూడానా మామయ్యా?"

"మేనల్లుడు కాబట్టే మరీ జాగ్రత్తమ్మా" అని ఆయన దారం కొనడానికి బజారుకి వెళ్ళిపోయాడు.

తమ్ముడి మొహం చిన్నబోయింది. "అక్కా, రేపు పొద్దున్నే స్నేహితులతో పనుంది. కారు లేకపోతే నా పరువు పోతుందే" అన్నాడు.

పరువు అనే మాట మేనకోడలికి సూటిగా తగిలింది. ఈ షాపు పరువు గురించి ఆమె తినని తిట్టు లేదు. చీర కొంగు దోపి, పానా తీసుకుని, ముందు సీటు ఎత్తి కారులో పెట్టి నాలుగు బోల్టులూ బిగించేసింది. ఆమె బిగించిన బోల్టంటే మాటలు కాదు. విప్పాలంటే మళ్ళీ ఆమే రావాలి. వెనక సీటూ బెల్టులూ పీకి పక్కన పెట్టింది కూడా ఆమే. తమ్ముడు అక్కని ఎత్తి గిరగిరా తిప్పి, మంటల కారులో ఊరు దద్దరిల్లేలా వెళ్ళిపోయాడు. షాపు చరిత్రలో మొదటిసారి శనివారం కారు శనివారమే ఇచ్చానని ఆమె పొంగిపోయింది.

మామయ్య తిరిగొచ్చి ఖాళీ జాగా చూశాడు. దారపు ఉండలు చేతిలోనే ఉన్నాయి. వెళ్ళి స్పాంజి గుట్ట మీద చతికిలబడ్డాడు. ఒక్క కారణమూ చెప్పలేదు. అది చూసి మేనకోడలు పరుగున దగ్గరికొచ్చింది.

"ఏమైంది మామయ్యా?"

"రేపు ఆదివారమమ్మా."

"అయితే?"

"ఆదివారం పొద్దున ఊరి బయట వెడల్పు రోడ్డు మీద వీళ్ళంతా పందెం వేసుకుంటారు. ఎవడి కారు ముందెళితే వాడు మొనగాడు."

ఆమె షాపు వెనక్కి తిరిగి చూసింది. గోడ వెంట సీట్లు లేని కార్లు పళ్ళూడిన నోళ్ళలా వరసగా ఉన్నాయి. మంటల బొమ్మలు, పిడుగుల బొమ్మలు, పెద్ద పెద్ద గొట్టాలు. వ్యాను డ్రైవరుదీ లేదు, నర్సమ్మదీ లేదు. ఇన్నాళ్ళూ ఫోనులో తిట్టిన గొంతులన్నీ ఆ కార్లవే. సకాలంలో కారు తీసుకున్నవాళ్ళు ఫోను చేసి మెచ్చుకోరు కాబట్టి, ఊరంతా తిడుతోందని ఆమె అనుకుంది.

"సీటు లేని కారు కదలదుగా" అన్నాడు మామయ్య, దొంగతనం బయటపడ్డవాడిలా. "అందరివీ ఒకేసారి ఆపలేను, అనుమానపడతారు. ఈ వారం కొందరివి, వచ్చే వారం కొందరివి."

"నోరు తెరిచి చెప్పొచ్చుగా వాళ్ళకి?"

"మొదట్లో ఒకడికి చెప్పాను. వేరే షాపుకి వెళ్ళి చేయించుకున్నాడు. నెల తిరక్కుండా వాడి సీటు మళ్ళీ నా దగ్గరికే వచ్చింది, కారు లేకుండా." మామయ్య దారం ఉండని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. "చిన్న కారు మంచిదేనమ్మా. నెమ్మదిగా వెళ్ళి, బెల్టు పెట్టుకుంటే మనిషిని కడుపులో పెట్టుకుని కాపాడుతుంది. వీళ్ళు బెల్టులు పీకి, దాన్ని చెయ్యలేని పని చెయ్యమంటారు. వాడి సీటు కుట్టడానికి ముందు నేను కడగాల్సి వచ్చింది."

ఆమె వెంటనే తమ్ముడికి ఫోను చేసింది. ఎత్తలేదు. ఇంటికి చేస్తే స్నేహితుడి దగ్గర పడుకుంటానన్నాడని అమ్మ చెప్పింది.

తెల్లారగానే మామయ్య కారులో ఇద్దరూ బయల్దేరారు. ఆయన ఎప్పటిలాగే తోలుతున్నాడు. ఒక సైకిలు పక్కకొచ్చి కుశలం అడిగింది.

"మామయ్యా, కొంచెం తొందరగా!" అని అరిచింది మేనకోడలు.

"తొందరపడితే మనమూ పందెంలో చేరినట్టే" అన్నాడు గానీ, ఆయన నుదుటి మీద చెమట ఆమెకి కనిపిస్తూనే ఉంది.

వెడల్పు రోడ్డు మీద రెండే కార్లు పక్కపక్కన నిలబడి బుసలు కొడుతున్నాయి. ఒకటి తమ్ముడిది. రెండోది ఒక ఎర్ర కారు. చుట్టూ చేరిన వాళ్ళలో సగంమంది, తమ కార్లు మామయ్య షాపులోనే ఉండిపోయిన పందెగాళ్ళు. ఆయన్ని చూడగానే చుట్టుముట్టారు.

"మామయ్యా, నా కారు!"

"సోమవారం బాబూ, సోమవారం" అంటూ వాళ్ళని తప్పించుకుని ఆయన తమ్ముడి కిటికీలో తల పెట్టాడు. "అల్లుడూ, దిగు. నీ సీటుకి ఒక బోల్టు బిగించలేదట. మీ అక్క మర్చిపోయింది."

అందరూ మేనకోడలి వైపు తిరిగారు. ఆమెకి ఒళ్ళు మండింది. తను బోల్టు మర్చిపోవడమా! ఇంకే మాటయినా పడుతుంది గానీ ఈ మాట పడదు. కానీ తమ్ముడి భుజం మీద బెల్టు లేదు. ఆ భుజం చూశాక ఆమె ఉక్రోషమంతా దిగిపోయింది.

"అవును, మర్చిపోయాను" అంది.

"ఫర్వాలేదక్కా, మిగతా మూడూ ఉన్నాయిగా" అని తమ్ముడు ఇంజను పెంచాడు.

"మూడు కూడా లేవురా! రెండో ఒకటో! చేతులు ఖాళీ లేక తర్వాత చూద్దామని వదిలేశాను. అసలెన్ని బిగించానో నాకే గుర్తు లేదు!"

తమ్ముడు ఒక్క గెంతులో రోడ్డు మీదున్నాడు.

మామయ్య పానా పట్టుకుని కారులోకి వంగాడు. బిగించని ఆ బోల్టు ఎంత తిప్పినా కదల్లేదు. పళ్ళ బిగువున తిప్పాడు. మొహం కందగడ్డయింది. "జరుగు మామయ్యా" అని మేనకోడలు ఆయన్ని పక్కకి నెట్టి, ఎవరికీ కనిపించకుండా వీపు అడ్డం పెట్టి, తన బోల్టులు తానే విప్పుకుంది. సీటు రోడ్డు మీదికి వచ్చేసింది.

ఎర్ర కారు అబ్బాయి కిటికీలోంచి పగలబడి నవ్వుతున్నాడు. నవ్వుతూ నవ్వుతూ సగంలో ఆగిపోయాడు. "అన్నట్టు, నా సీటు బిగించింది ఎవరు?"

మామయ్య నోరు తెరిచాడు. ఆయన ఏదో ఒకటి అనేలోపే మేనకోడలు అందుకుంది.

"నేనే. పోయిన సోమవారం. తలనొప్పిగా ఉండి కళ్ళు సరిగ్గా కనిపించలేదు."

తేలు కుట్టినట్టు వాడు కారులోంచి బయటపడ్డాడు.

ఇంక పందెమేముంది! కార్లు లేని పందెగాళ్ళంతా కలిసి తమ్ముడి కారుని రోడ్డు పక్కకి తోశారు. ఆ ఉదయం వాళ్ళు నడిపిన బండి అదొక్కటే. మామయ్య తమ్ముడి సీటుని తన కారు వెనక సీటు మీద కూర్చోబెట్టి, దానికి బెల్టు పెట్టి, పక్కన మేనకోడలు పెట్టుకుందో లేదో చూసి, తమ్ముణ్ణి ముందు కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. బోల్టులు చూపించుకుందామని ఎర్ర కారు వెనకే బయల్దేరింది. సీటు ఎక్కడ ఊడుతుందోనన్న భయంతో స్టీరింగు పట్టుకుని వేలాడుతూ, ఆ మొనగాడు మామయ్య వెనకాల నత్తనడకన వచ్చాడు.

మేనకోడలు వెనకనుంచి మామయ్య బట్టతల చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఈ మనిషి ఊరందరి బిడ్డల కోసం ఇన్ని అబద్ధాలు పోగేసి, ఇన్ని తిట్లు నవ్వుతూ తిన్నాడనుకుంటే ఆమెకి ఆయన మీద పట్టలేనంత ప్రేమ ముంచుకొచ్చింది. తన పేరు ఈరోజు మట్టిలో కలిసిందని గుర్తొచ్చినా బాధ కలగలేదు.

"అక్కా" అన్నాడు తమ్ముడు సగం దారిలో. "బిగించని బోల్టు విప్పడానికి అంతసేపు పట్టిందేం?"

"తుప్పు పట్టింది" అంది మేనకోడలు.

"నిన్న వేసిన కొత్త బోల్టుకా?"

మామయ్య దగ్గాడు. తమ్ముడు వెనక్కి తిరిగి, బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్న తన సీటునీ, దాని పక్కన అక్క మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. విషయం అర్థమైనట్టుంది. కాసేపు మూతి ముడుచుకున్నాడు.

"రేపు అందరూ నన్ను చూసి నవ్వుతారు మామయ్యా."

"నవ్వనీరా. వాళ్ళూ నవ్వి ఇంటికెళ్ళి టిఫిను తింటారు, నువ్వూ ఇంటికెళ్ళి టిఫిను తింటావు. మీరంతా వేడివేడిగా టిఫిను తింటున్నారంటే, ఇంక నాకు ఆదివారం ఎందుకురా?"

తమ్ముడు నవ్వాపుకోవాలని చాలా ప్రయత్నించాడు. ఆఖరికి కిటికీ వైపు తిరిగి, "అయితే కాస్త తొందరగా పోనీ, ఆకలేస్తోంది" అన్నాడు. మామయ్య మాత్రం అదే వేగంతో పోనిచ్చాడు.