అక్కకు రాని లెక్క

రిటైరయ్యాక కూడా డైరీ రాసే అలవాటు పోలేదు. పాఠం చెప్పిన రోజున ఎవరిని ఏం అడిగానో, ఎవరు జవాబు చెప్పారో, ఎవరు చెప్పలేదో రాస్తాను. చెప్పని పిల్లల పేర్ల ఎదురుగా కారణం కూడా రాసేవాణ్ణి. భయం, బిడియం, తెలుగు సరిగా రాదు. ముప్పై ఏళ్ళకు పైగా ఏజెన్సీ బడుల్లో లెక్కలు చెప్పాను. ఈ మూడింటిలో ఏది రాయాలో పిల్ల ముఖం చూస్తేనే తెలిసిపోతుందనుకునేవాణ్ణి.

అరకు దగ్గర ఒక గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో లెక్కల టీచరు లేరు. వారానికి మూడు రోజులు వచ్చి ఎనిమిదో తరగతికి చెప్పమని అక్కడి హెడ్‌మిస్ట్రెస్ అడిగితే ఒప్పుకున్నాను. ఆ తరగతిలో రెండో బెంచీలో ఒక పిల్ల ఉండేది. డుంబ్రిగుడ పైన కొండమీద వాళ్ళ ఊరు. కాగితం ఇస్తే ఏ లెక్కయినా చేసేది. ఒక్కోసారి నేను చెప్పిన పద్ధతి పక్కన పెట్టి, ఇంకా దగ్గర దారి కనిపెట్టి చేసేది. లేపి అడిగితే మాత్రం చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయేది.

"దాన్నడక్కండి సార్, అది చీటీలోనే మాట్లాడతాది," అని వెనక బెంచీ పిల్లలు నవ్వేవారు.

ఆ ఏడాది విశాఖపట్నంలో ఒక పెద్ద గురుకులం వాళ్ళు, తొమ్మిదో తరగతిలో సీటుకు మా బడి నుంచి ఒక పిల్లను పంపమన్నారు. రాత పరీక్ష ఉంటుంది. ఆ తర్వాత ముగ్గురు పెద్దవాళ్ళ ముందు బోర్డు మీద లెక్క చేస్తూ నోటితో వివరించాలి. రాత పరీక్ష గట్టెక్కగలిగేది ఈ పిల్లొక్కతే.

"ఏటి సార్, నోరిప్పని గుంటని తీసుకెళ్ళి వాళ్ళ ముందు నిలబెడతారా?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"నెల రోజులు టైమివ్వండమ్మా. మాట్లాడిస్తాను," అన్నాను.

అడగబోయే ప్రశ్న ముందురోజే చెప్పి చూశాను. కూర్చునే చెప్పమన్నాను. మీ భాషలోనే చెప్పు, నాకు అర్థం కాకపోయినా ఫరవాలేదన్నాను. ఏ రోజు ఏ ఉపాయం చేశానో అన్నీ డైరీలో ఉన్నాయి. అన్నింటి కిందా ఒకే మాట ఉంది, ఫలితం లేదని.

ఆ పిల్ల పక్కన ఎప్పుడూ ఇంకో పిల్ల కూర్చునేది. ఈ పిల్లకు పెద్దనాన్న కూతురు. రెండేళ్ళు పెద్దది, బడిలో ఆలస్యంగా చేరడంతో ఇద్దరూ ఒకే తరగతిలో పడ్డారు. చెల్లెలికి జడ వేసేది, అన్నం పళ్ళెం కడిగి తెచ్చిపెట్టేది. లెక్కలు మాత్రం ఎంత కష్టపడినా ఆమెకు వచ్చేవి కావు.

ఒకరోజు అక్కకు జ్వరం వచ్చి తరగతికి రాలేదు. నేను సమాంతర చతుర్భుజం వైశాల్యం చెబుతూ అలవాటుగా చిన్నదాన్ని అడిగాను. లేచింది. బోర్డు దగ్గరికి వచ్చి నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుంది.

"ఈ కొసనున్న ముక్క కోసి అటేపు పెట్టీస్తే పొడుగు సదరంగా అయిపోద్ది సార్. అప్పుడింక కష్టమేటుంది?" అంది.

గొంతు ఎక్కడా వణకలేదు. ఆ రోజు పేజీలో ఎర్రసిరాతో గీత గీశాను. ఆ వారం అక్క మంచం మీదే ఉంది, నేను వెళ్ళిన మూడు రోజులూ చెల్లెలు మాట్లాడింది. పై వారం అక్క వచ్చి బెంచీలో కూర్చుంది. చెల్లెలి వేలికి మళ్ళీ చున్నీ కొస చేరింది.

నా లెక్క నాకు తేలిపోయింది. పెద్దది చిన్నదాన్ని అణిచిపెడుతోంది. ఇద్దరిలో ఎవరినీ పిలిచి అడగలేదు. రాసుకున్నది కళ్ళెదుట ఉండగా ఇంకా అడిగేదేముంది అనుకున్నాను. హెడ్‌మిస్ట్రెస్‌తో చెప్పి పెద్దదాన్ని బి సెక్షన్‌కు మార్పించాను. ఆమె పుస్తకాల సంచీ తీసుకుని లేస్తుంటే చిన్నది కూడా సగం లేచి, నన్ను చూసి కూర్చుంది. ఆ సాయంత్రం నేను డైరీలో రాసిన మాట "అడ్డు తొలగింది" అని.

మర్నాటి నుంచి ఆ పిల్ల కాగితం మీద కూడా ఏమీ రాయలేదు. ఖాళీ చీటీ మడిచి ఇచ్చేది. తర్వాత కొండ ఊళ్ళలో చైత్రమాసంలో చేసే ఇటుకల పండక్కి పిల్లలంతా ఇళ్ళకు వెళ్ళారు. ఆ ఇద్దరూ తిరిగి రాలేదు.

పరీక్షకు పది రోజులే ఉన్నాయి. కొండమీది వాళ్ళు సంతకు దిగుతారని డుంబ్రిగుడ వెళ్ళాను. చింతపండు కుప్ప ముందు ఇద్దరూ కనిపించారు, పక్కన వాళ్ళ నాయనమ్మ.

"నువ్వేనా బాబూ లెక్కల మేస్టారివి? పెద్దదాన్ని వేరే గదికి ఎల్లగొట్టినావట," అంది ముసలావిడ.

"ఎల్లగొట్టలేదమ్మా. చిన్నది నోరిప్పి నాలుగు మాటలు చెబుతుందని..."

"అక్క పక్కనుండగా, అక్కకి రానిది నాకొచ్చని చెల్లి పదిమందిలో సెప్తాదా? ఏ ఇంటి గుంటయినా సెప్తాదా? అక్క లేనప్పుడు సెప్పింది కదా. అది సూసి నువ్వు అక్కనే లేకండా సేసినావు."

పెద్దపిల్ల మెల్లగా అంది. "హాస్టల్లో అందరూ దాన్నే అన్నారు సార్. సార్ సెవిలో ఊది అక్కని పంపించీసిందని. అది అన్నం మానీసింది. నానే ఇంటికి తెచ్చీసినాను."

"తప్పు నాది. ఇద్దరూ రండి. మళ్ళీ ఒకే బెంచీలో కూర్చోబెడతాను," అన్నాను.

"నాను రాను సార్. అమ్మకి ఒంట్లో బాగోలేదు, పనికి మనిషి కావాల. దాన్ని తీసుకెళ్ళండి." చెల్లెలి భుజం మీద ఒక్కటి చరిచింది. "ఎళ్ళే, సార్తో ఎళ్ళు. పరీచ్చ రాయి."

చిన్నది అక్క వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అంది. బోర్డు దగ్గర విన్న గొంతే.

"ఏమంటోంది?" అని అడిగాను.

"అక్క సింతపండు కొడతా ఉంటే నానెళ్ళి పెద్దోళ్ళకి లెక్కలు సెప్పాలా అంటంది సార్."

ఇంకా చాలాసేపు నిలబడి చెప్పాను. నేను చెప్పినవన్నీ పెద్దదే విని, పెద్దదే తల ఊపింది. చిన్నది గింజలు తీస్తూనే ఉంది. చివరికి ముసలావిడ, "బస్సెళ్ళిపోద్ది బాబూ, బేగి ఎళ్ళు," అంది.

పరీక్షకు మా బడి నుంచి ఎవరూ వెళ్ళలేదు. ఆ వేసవిలో పాత డైరీలన్నీ దించి చూశాను. భయం అని రాసిన పిల్లలు, బిడియం అని రాసిన పిల్లలు పేజీకొకరైనా ఉన్నారు. వాళ్ళందరికీ ఇదే కారణమని అనను. అసలు కారణం ఏమిటో నాకు తెలియదు, ఎందుకంటే వాళ్ళలో ఒక్కరినీ అడిగినట్టు ఎక్కడా లేదు. వాళ్ళ పక్కన ఎవరు కూర్చున్నారో కూడా రాసుకోలేదు. కొందరు చెన్నై వైపు పనులకు పోయారని విన్నాను. మిగిలినవాళ్ళ సంగతి తెలియదు. ఇప్పుడు ఎవరిని వెతికి అడగను?

జూన్‌లో బడి తెరిచాక హెడ్‌మిస్ట్రెస్ కొత్త హాజరు పట్టీ రాస్తూ ఆ ఇద్దరి పేర్ల దగ్గర ఆగింది.

"కొట్టీమంటారా సార్? మరింక రారు కదా?"

"రారు," అన్నాను.