నా జబ్బును దాచిన వీధి

నాకు కీళ్లవాతం వచ్చి ఆరేళ్లయింది. పొద్దున్న లేచేసరికి వేళ్లూ మోకాళ్లూ బిగుసుకుపోయి ఉంటాయి. గంటన్నర గడిస్తేగాని సుద్దముక్క పట్టుకోలేను. అమలాపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. పాఠం చెప్పిన నెలకే జీతం. ఉండేది ముక్తేశ్వరంలో, ఒంటరిగా. చేతులు పూర్తిగా మొరాయించిన నాడు నా తిండి సంగతేమిటని అడిగితే ప్రార్థన చెయ్యమని మా చర్చివాళ్లు, తాయెత్తు కట్టుకోమని మా వీధివాళ్లు సలహా ఇచ్చారు. ఇద్దరితోనూ పోట్లాడి, పని చేసే శక్తి పోతే నెలనెలా కొంత ఇచ్చే బీమా కోసం దరఖాస్తు తెప్పించుకున్నాను.

దరఖాస్తు నింపుతున్న ఏజెంటు, జబ్బులేమైనా ఉన్నాయా అన్న గడి దగ్గరికి రాగానే నన్నడక్కుండానే "లేవు" అని రాయబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

"అందరం లేవనే రాస్తామండి. ఆ గడి ఉన్నదే అందుకండి," అన్నాడు.

అబద్ధం మీద తీసుకున్న పాలసీ అవసరం వచ్చిన రోజునే చెల్లకుండా పోతుందని అతనికి చాలాసేపు చెప్పాను. అతను ఆయ్, ఆయ్ అంటూనే గడియారం చూసుకున్నాడు. జబ్బు పేరు, మొదలైన నెల, మింగుతున్న మాత్రలు అన్నీ నేనే రాశాను. గడి చాలక వెనకపేజీకి వెళ్లాను.

మూడు వారాల తరవాత, నేను కాలేజీలో ఉన్న వేళ, కంపెనీ తరఫున ఒకాయన మా వీధికి విచారణకు వచ్చాడు.

మా వైపు ఒక కొత్త మనిషి చంకలో ఫైలుతో వచ్చి, ఫలానా ఆవిడ అలవాట్లేమిటి, ఒంట్లో ఎలా ఉంటుంది, ఉద్యోగం నికరమేనా అని అడిగితే దానికి ఒకటే అర్థం. సంబంధం చూసుకుంటున్నవాళ్లు వాకబుకు పంపారని. అలాంటి వాకబులో ఎవరి పిల్ల గురించి అడిగినా మంచే చెప్పాలి. రేపు తమ పిల్ల గురించి అవతలివాళ్లూ అలాగే చెప్పాలి కదా. పెళ్లి వద్దని ముప్ఫైతొమ్మిదేళ్ల దాకా భీష్మించుకు కూర్చున్న నాకు ఇన్నాళ్లకు ఒక సంబంధం వచ్చిందనేసరికి వీధి మొత్తం నడుం కట్టింది.

ఎదురింటి పిన్నిగారు ఆయనకు కొబ్బరినీళ్లిచ్చి చెప్పిందంతా సాయంత్రం నాకు సంబరంగా అప్పజెప్పారు. నాకు తలనొప్పయినా ఎలా ఉంటుందో తెలియదట. రోజూ రెండు బిందెల నీళ్లు ఒక్క ఊపున మోస్తానట. నేను కుంటుతూ బస్సు దిగడం ఆయన కంటపడుతుందేమోనని, కొత్త చెప్పులు కరిచాయని ముందే చెప్పి ఉంచారట. జాతకాల మీద నాతో ఎప్పుడూ గొడవపడే పురోహితులుగారు నా వయసు నాలుగేళ్లు తగ్గించారట. గ్రహాలకన్నా ఆయనే శక్తిమంతుడని ఆవేళ ఒప్పుకున్నాను.

"నన్నడిగితే వచ్చినాయనే పెళ్లికొడుకమ్మా. మనిషి నెమ్మదస్తుడే, కాస్త బట్టతల. నువ్వూ మరీ వంకలు పెట్టకు," అన్నారు పిన్నిగారు.

పదిహేను రోజుల్లో కంపెనీ ఉత్తరం వచ్చింది. నేను రాసిన జబ్బుకూ వాళ్ల విచారణకూ పొంతన లేదని, వయసులోనూ తేడా ఉందని, సరైన వివరణ ఇవ్వకపోతే దరఖాస్తు తిరస్కరిస్తామని దాని సారాంశం. "జబ్బు దాచినవాళ్లని చాలామందిని చూసేనండి. లేనిది రాసేరనడం ఇదే వినడమండి," అన్నాడు ఏజెంటు ఫోనులో. వివరణ కింద నేను డాక్టరు పరీక్ష చేయించుకోవాలి. విచారణలో మాట్లాడినవాళ్లు తాము పొరబడ్డామని రాసి సంతకం పెట్టాలి.

మర్నాడు పొద్దున్నే పిన్నిగారి దగ్గరికి వెళ్లి బీమా అంటే ఏమిటో మొదటినుంచీ చెప్పాను. ఆవిడ అంతా విని తల అడ్డంగా ఊపారు.

"నోటితో ఏదైనా అంటానమ్మా. కాగితం మీద నీకు జబ్బని ఎలా రాస్తాను? రేపు నిజంగా ఎవరైనా వచ్చేరనుకో."

నిజం గురించి, హక్కుల గురించి నాకు తెలిసిన వాదనలన్నీ ప్రయోగించాను. ఒక్కటీ తగల్లేదు. విసిగిపోయి, నేనే రాస్తాను, మీరు సంతకం పెట్టండి చాలు అని కలం తీసుకున్నాను. వేళ్లు వంగలేదు. కలం రెండుసార్లు జారి గచ్చు మీద పడింది. రెండోసారి ఆవిడే వంగి తీశారు, కానీ నాకివ్వలేదు. కూర్చుని రాయడం మొదలుపెట్టారు.

"ఈ అమ్మాయికి చేతుల జబ్బు ఉన్నమాట నిజమేనండి. గుణం మాత్రం బంగారం. వంట బాగా చేస్తుంది."

వంట సంగతి కొట్టెయ్యమని ఎంత చెప్పినా వినలేదు. కింద పురోహితులుగారు నా అసలు వయసు వేసి సంతకం చేశారు.

నెల తిరిగేసరికి పాలసీ వచ్చింది. ప్రీమియం పెంచారు. కీళ్ల జబ్బువల్ల పని మానాల్సివస్తే మొదటి రెండేళ్లు ఏమీ ఇవ్వరట. రెండేళ్లు ఓపిక పట్టమని వేళ్లకు నచ్చజెప్పే తర్కం నా దగ్గర లేదు. ఆ షరతు చదివి వినిపించిన దగ్గర్నుంచి పిన్నిగారు రోజూ పొద్దున్నే గిన్నెడు వేడినీళ్లు తెచ్చి నా ముందు పెడుతున్నారు. వాటిలో చేతులు ముంచుకుని కూర్చుని, ఆ షరతు ఎంత అన్యాయమో కంపెనీకి రాయబోయే ఉత్తరం వాక్యం వాక్యంగా పైకి చెబుతుంటాను. ఆవిడ రాసుకుంటుంటారు.