చందువా మానేసి మోపిదేవి దాకా

నలభై రెండేళ్ల వయసులో నేను పరుగు మొదలుపెడితే మా బందరు ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. గొడవంతా చేప మానేసినప్పుడు వచ్చింది.

ముందు మానేసింది పాలు. కాఫీ తాగి వెళ్లినా, ముందురోజు పెరుగన్నం తిన్నా, ఐదారు కిలోమీటర్లకే కడుపులో మెలిపెట్టేది. పాలూ పెరుగూ ఆపాక ఆ బాధ పోయింది. ఆ ఊపులో, జంతువుల నుంచి వచ్చేదేదీ తినొద్దని చెప్పే వీడియోలు ఫోనులో చూసీ చూసీ నెయ్యి, గుడ్లు, చేపలు, ఆఖరికి తేనె కూడా వదిలేశాను.

మా ఆయనది చేపల వ్యాపారం. మా అత్తయ్య నలభై ఏళ్లు బుట్ట నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి చేపలమ్మిన మనిషి. ఆవిడ వేడివేడి చందువా వేపుడు నా కంచం దాకా తెచ్చి, నేను చెయ్యి అడ్డుపెట్టగానే ఆగిపోయింది.

“ఇప్పుడేం కార్తీకమాసం కాదుగా?”

“మానేశానండీ అత్తయ్యా. ఇంక తినను.”

వారంపాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు. వీధిలో అడిగినవాళ్లకి మాత్రం, “మా కోడలు మొక్కుకుందిలే,” అని సర్దిచెప్పింది.

ఆ చలికాలంలో ఒక ఆదివారం, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న మోపిదేవి దాకా పరిగెత్తాలని తెల్లవారకముందే బయల్దేరాను. మా ఆయన నీళ్ల సీసాలతో స్కూటరు మీద వెనకే వచ్చారు. సగం దూరం హాయిగా సాగింది. చల్లపల్లి ఇంకా రాకముందే కాళ్లు బరువెక్కాయి, చెమటలు పోశాయి, పక్కనున్న మినుము చేలు గిర్రున తిరిగాయి. కాలవగట్టు మీద కూలబడ్డాను. స్కూటరెక్కి ఇంటికొచ్చాను, సిగ్గుతో తలెత్తకుండా.

“నిన్న ఏం తిన్నావే?” అంది అత్తయ్య.

“రెండు జామకాయలు, కీరా ముక్కలు, గుప్పెడు బాదం పప్పులు.”

“చేప మానేస్తే మానేశావు. అన్నమెందుకు మానేశావే పిచ్చిదానా? గంజన్నం తాగకుండా నేనొక్కనాడూ బుట్ట ఎత్తలేదు. నడవడానికే అంత కావాలంటే, పరిగెత్తడానికెంత కావాలి?”

ఇన్నేళ్లలో ఆవిడ ఎంత దూరం నడిచి ఉంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

మర్నాటి నుంచి నా తిండి ఆవిడ చేతుల్లోకి వెళ్లింది. పొద్దున గంజన్నంలో ఉల్లిపాయ, మధ్యాహ్నం ముద్దపప్పు, ఆకుకూర, సాయంత్రం ఉడకబెట్టిన ఉలవలు. సున్నుండల్లో నెయ్యి బదులు వేరుశెనగలు, నువ్వులు దంచి కలిపింది. మొదటి వాయి పొడిపొడిగా రాలిపోయింది. రెండోసారి బెల్లం పెంచితే ఉండ కుదిరింది. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, బి12 మాత్రలు మాత్రం మానకుండా వేసుకోమంది.

రెండు నెలలయ్యాక మళ్లీ బయల్దేరాను. ఈసారి చేపల ఆటోలో మా ఆయన పక్కన అత్తయ్య కూడా కూర్చుంది, ఒళ్లో సున్నుండల డబ్బాతో. గంటకోసారి ఆటో ఆపించి, “నవులు, నవులు! మింగెయ్యకు!” అని అరుస్తూ నా చేతిలో ఉండ పెట్టేది. చల్లపల్లి దాటాను. మోపిదేవి గుడి కనపడగానే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఒక అరుగు మీద కూర్చున్నాను. పిక్కలు వణుకుతున్నాయి. గుడికొచ్చిన జనమంతా చూస్తుండగా అత్తయ్య కింద కూర్చుని నా కాళ్లు పిసకడం మొదలుపెట్టింది.

“అయ్యో, మీరు నా కాళ్లు పట్టడమేంటండీ!”

“ఊరుకో. నేను ఊళ్లు తిరిగొచ్చిన రోజుల్లో నా కాళ్లు ఎవరూ పట్టలేదు. ఎంత నెప్పో నాకు తెలుసు.”

రెండో కాలు కూడా ఆవిడ ముందుకు చాపాను.

తర్వాత హోటల్‌కి వెళ్లాం. అట్లు వేసే అతని దగ్గరికి ఆవిడే వెళ్లింది.

“నూనెతో కాల్చు నాయనా. నెయ్యి చుక్క పడకూడదు. మా అమ్మాయి బందరు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది.”

అతను నా వైపు జాలిగా చూశాడు. “బస్సులు లేవాండీ?”