అల్లం విత్తనం, విత్తనపు అల్లం

ఆ ఏడు కోహీరు వైపు ఊళ్లలో విత్తనానికని దాచుకున్న అల్లమంతా కుళ్లిపోయింది. విత్తనం వేసే మిరుగం కార్తెకు ఇంకా ఇరవై రోజులుంది. పొలాలు దున్ని పెట్టుకున్న రైతులు జహీరాబాద్‌లో మా బాపు గుమాస్తాగా ఉన్న అల్లం దుకాణానికి రోజూ వచ్చి కూర్చునేవారు. కేరళ నుంచి తెప్పిస్తానని సేటు వాళ్లకు మాటిచ్చాడు. ఉత్తరం రాసే పని బాపుది.

బాపుకు ఇంగ్లీషులో అక్షరాలు తప్ప ఇంకేమీ రావు. ఆ సంగతి అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పాత గుమాస్తా మానేసిన రోజు, ఇంగ్లీషు చిట్ఠీలు రాస్తావా అని సేటు అడిగితే తల ఊపి వచ్చాడు. అప్పటి నుంచి పొద్దున చాయ్ తాగుతూ ఆయన చెప్పేవాడు, నేను ఇంగ్లీషులో రాసేదాన్ని. దాన్ని ఆయన బొమ్మ గీసినట్టు తన చేత్తో దించుకుని పోయేవాడు. నాకప్పుడు పదిహేడేళ్లు. బయట నోరు విప్పని పిల్లనని పేరు. కానీ డైరీ వెనక పేజీల్లో జంట మాటలు కూడబెట్టుకునేదాన్ని. చెరకు బండి, షుగర్‌కేన్ కార్ట్. పత్తి బజారు, కాటన్ మార్కెట్. మన వరసే ఇంగ్లీషు వరస అని ధీమా. ఆ ధీమాతోనే అల్లం విత్తనాన్ని జింజర్ సీడ్ అని రాశాను.

పది రోజులకు కేరళ నుంచి జవాబు వచ్చింది. మేము విత్తనాల వ్యాపారులం కాము, విత్తనాల దుకాణానికి రాసుకోండి అని. సేటు దాన్ని పక్క దుకాణంలో చదివించుకున్నాడు. రైతుల ముందే బాపు చేతికి టెలిగ్రాం కాగితం ఇచ్చి, ఇక్కడే రాయమన్నాడట.

మధ్యాహ్నం బాపు ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పలేదు.

"నడువు బిడ్డా. రాసేది నువ్వేనని చెప్పేసిన. సేటు నిన్ను తోల్కరమ్మన్నడు."

దారిపొడవునా ఆయన ముందు నడిచాడు. నేను ఆయన మడమలు చూస్తూ నడిచాను.

దుకాణంలో ఆడవాళ్లెవరూ ఉండరు. గోడ వారన ఐదారుగురు రైతులు తలపాగాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సేటు గద్దె మీద నుంచే కాగితం ముందుకు తోశాడు.

"రాయ్ బేటీ. ఇది గూడ గలత్ అయితే ఈళ్లు నా ఇంటి ముందల కూసుంటరు. మీ బాపు మీ ఇంట్ల కూసుంటడు."

పెన్సిల్ పట్టుకున్నాను. జింజర్ అని రాయబోయి ఆగిపోయాను. చెరకు బండి అంటే వచ్చేది బండి. చెరకు ఆ బండి ఎలాంటిదో చెబుతుంది, అంతే. మరి జింజర్ సీడ్ అంటే వచ్చేది సీడ్. అల్లపు మొక్కకు కాసే గింజ. మా దగ్గర మొలకెత్తే అల్లం ముక్కనే విత్తనం అంటాం కనుక మాకు ఆ మాటలో తప్పు కనిపించదు. కేరళలో ఆ కాగితం చదివినవాడికి మాత్రం గింజలే కనిపించాయి. నాకు కావలసింది అల్లం. అంటే అల్లం చివర రావాలి. ఒకవేళ ఈ లెక్కా తప్పైతే? బాపు నా వైపు చూడడం లేదు. సరుకు తూచే కాటా కొక్కేన్ని చూస్తున్నాడు.

సీడ్ జింజర్ అని రాశాను.

సేటు కాగితాన్ని పాత ఉత్తరం నకలు పక్కన పెట్టి అక్షరాలు పోల్చాడు. "గవ్వే రెండు మాటలు. అటుదిటు జేసినవు. గంతేనా?"

ఒక ముసలి రైతు నవ్వాడు. "నాగలికి ఎద్దులను ఎన్క గట్టినట్టున్నది."

అందరూ నవ్వారు. నేను చెప్పింది ఆ నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు. సేటు చెయ్యెత్తి వాళ్లను ఆపి, మళ్లీ చెప్పమన్నాడు.

"ఎన్క వచ్చేది సరుకు. ముందల వచ్చేది ఎసుంటి సరుకో చెప్తది. మొదటిసారి సరుకు తప్పు రాసిన. తప్పు నాదే, బాపుది గాదు."

సేటు కాగితం మడిచి తంతి ఆఫీసుకు పంపించాడు. మమ్మల్ని పొమ్మన్నాడు.

నాలుగు రోజులు బాపు దుకాణానికి పోయి వచ్చాడు. ఏ ఉత్తరమూ ఇంటికి తేలేదు. అన్నం సగంలోనే లేచేవాడు. అమ్మ అడిగితే, సేటు ఇంకా ఏం చెప్పలేదు అనేవాడు. నేను డైరీ తెరవలేదు.

ఐదో రోజు టెలిగ్రాం తెచ్చి నా ముందు పెట్టాడు. సీడ్ జింజర్ లోడెడ్. విత్తనపు అల్లం లారీకెక్కిందని మూడే మాటలు. నేను మూడుసార్లు చదివాను. అమ్మ దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టింది.

"నౌకరి ఉన్నది," అన్నాడు బాపు. "ఇగ చిట్ఠీలు నీ చేతుల్నే ఉండాల్నట. నన్ను కాటా కాడ నిలవడుమన్నడు."

కాటా దగ్గర కూర్చోవడానికి ఏమీ ఉండదు. రోజంతా నిలబడాలి. ఆయన మోకాళ్ల నొప్పి నాకు తెలుసు.

మర్నాడు లారీ బయలుదేరిన సంగతికి జవాబు రాయాలి. రాసి, చివర బాపు పేరు పెట్టే చోట ఆగాను. ఎవరి పేరు రాయమంటావని అడిగాను.

"నీదే రాయి," అన్నాడు తువ్వాలు భుజాన వేసుకుంటూ. "జర జల్ది రాయి. నేను ఎనిమిదింటికే కాటా కాడ ఉండాలె."