చీకటిని చీకటిగా చూపిన సెన్సరు

కరోనా తర్వాత కాలేజీలు మళ్ళీ తెరిచిన ఏడాది అది. కోయంబత్తూరు శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో థిన్ ఫిల్మ్ ల్యాబు నా బాధ్యతలో ఉండేది. గాజు పలకల మీద వెంట్రుక కన్నా ఎంతో పలచని పొరలు వేసి, వాటితో వెలుతురును కొలిచే సెన్సర్లు చేయడం మా పని. చాలాకాలం మూతపడి ఉన్న గదిలో సగం యంత్రాలు మొరాయిస్తున్న ఆ రోజుల్లోనే గ్రేస్ నా దగ్గర పీహెచ్‌డీకి చేరింది.

ఆ అమ్మాయి ఇంట్లో తెలుగు మాట్లాడుతుందని నాకు స్పిన్ కోటరు వల్ల తెలిసింది. ద్రావణపు చుక్క వేసిన గాజును గిర్రున తిప్పి పొరగా పరిచే యంత్రం అది. ఒక ఉదయం అది కదలనంటే, "ఏమి నీకు, ఇంగా నిద్ర తీరలేదా? లెయ్, పని ఉండాది" అని దాన్ని బతిమాలుతోంది. నేను వెనక నుంచి నవ్వాను.

"మీకూ తెలుగు వస్తాదా మేడం?" అంది, సిగ్గుపడుతూ.

మాది కోయంబత్తూరు పక్కనే తుడియలూరు. ఒకప్పుడు సేద్యం, తర్వాత పంపుల వర్క్‌షాపు. గ్రేస్ వాళ్ళ నాన్న కార్పొరేషన్లో పారిశుద్ధ్య పని చేస్తాడు. తరతరాలుగా ఒకే ఊళ్ళో ఉన్నా మా ఇళ్ళ తెలుగూ వాళ్ళ ఇళ్ళ తెలుగూ ఒక బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకున్నది లేదు. మా ల్యాబులో కూర్చున్నాయి. ఇద్దరం బడిలో చదివింది తమిళమే. తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను.

గ్రేస్ పని పెరోవ్‌స్కైట్‌తో. అదొక స్ఫటిక పదార్థం. పెద్ద కర్మాగారం అక్కర్లేకుండా, ద్రావణంలోంచి పొరగా వేసుకోవచ్చు. వెలుతురు పడితే చురుగ్గా కరెంటు పుట్టిస్తుంది. గ్రేస్ వాడిన రకానికి నారింజ ఛాయ. అది నీలి వెలుతురును బాగా పట్టుకుంటుంది, ఎరుపును పట్టించుకోదు. ఈ సంగతి ఒక ఆదివారం భోజనాల దగ్గర వాళ్ళ పెద్దమ్మ చెవిన పడింది.

పెద్దమ్మ పేరు రోస్‌లిన్. ఒక చిన్న ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు నర్సు. కామెర్లు వచ్చిన శిశువులను నీలి దీపాల కింద పడుకోబెడతారు. ఆ దీపాలు పాతబడితే కంటికి అంతే వెలుగుతున్నట్టుంటాయి, లోపల మాత్రం బలం తగ్గిపోతుంది. దాన్ని కొలిచే మీటరు ఆ ఆసుపత్రిలో పాడై చాలా రోజులయింది. ఆవిడ నేరుగా ల్యాబుకే వచ్చి నన్ను అడిగింది.

"మేడం, మా పాప చేసిన బిళ్ళ ఈ నీలి లైటును కొలుస్తాదా? చూసి చెప్తే చాలు. మిగతాది డాక్టరు చూసుకుంటారు."

నేను ఒప్పుకున్నాను. బిడ్డ లేని ఖాళీ తొట్టిలోనే పెట్టాలని మాత్రం గట్టిగా చెప్పాను. ఈ పదార్థంలో సీసం ఉంటుంది. గ్రేస్ సెన్సరును ఒక చిన్న డబ్బాలో అమర్చింది, ఇద్దరం వార్డుకు తీసుకెళ్ళి సిస్టర్ చేతికిచ్చాం. మొదటిరోజు అంకెలు చక్కగా వచ్చాయి. ఇద్దరం ఆర్.ఎస్. పురంలో ఆగి కాఫీ తాగి మరీ ఇళ్ళకు వెళ్ళాం.

వారం గడవకముందే రోస్‌లిన్ సిస్టర్ ఫోన్ చేసింది.

"మేడం, లైటు ఆర్పేసి, మీద నల్లగుడ్డ కప్పినాను. అయినా మీ డబ్బా వెలుతురు ఉండాదనే చెప్తా ఉండాది. నేను దీన్ని నమ్మొచ్చునా?"

"వద్దు సిస్టర్. పక్కన పెట్టేయండి," అన్నాను.

వెలుతురు లేనప్పుడు కూడా సెన్సరులో పారే కరెంటును డార్క్ కరెంట్ అంటాం. కొంచెం ఎప్పుడూ ఉంటుంది. మా సెన్సరులో అది రోజురోజుకూ పెరిగింది. పాలక్కాడు కనుమ నుంచి వచ్చే తడిగాలి కాలం అది. తేమ పొరలోకి దిగుతోంది. మామూలు ప్రయోగంలో ఇది చిన్న చికాకు. ఆ వార్డులో అలా కాదు. బలం లేని దీపాన్ని బలంగా ఉందని చూపిస్తే, దాని కింద ఒక బిడ్డ ఊరికే పడుకుని ఉంటుంది.

గ్రేస్‌కు అప్పుడే పరిశోధన సమీక్ష దగ్గరపడింది. అది గట్టెక్కితేనే ఫెలోషిప్ కొనసాగుతుంది. "చీకట్లో వచ్చే అంకెను సాఫ్ట్‌వేర్లో తీసివేస్తే సరిపోతాది మేడం," అంది.

"ఈరోజు తీసేసే అంకె రేపు ఉండదు కన్నూ. పెరుగుతా ఉండాది కదా. పొరనే మార్చాల."

"సమీక్షకు టైము లేదు."

"నేను కమిటీతో మాట్లాడతాను. ఇది మాత్రం ఇట్లే చూపించొద్దు."

ఆ తర్వాత ఆమె నాతో తెలుగు మానేసింది. "ఎస్ మేడం", "ఓకే మేడం", అంతే. పని ఒక్కరోజు కూడా ఆపలేదు. ఆ ఇంగ్లీషు నాకు ఎంత కష్టంగా ఉండేదో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

లోపం ఎక్కడుందో వెతికాం. పెరోవ్‌స్కైట్ పొర ఒకే పలక కాదు. చిన్న చిన్న స్ఫటికాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పంపు కారినప్పుడు మా నాన్న ముందు అతుకులు చూసేవాడు. ఇక్కడా అంతే, స్ఫటికాల నడుమ అంచుల్లోనే కరెంటు కారుతోంది, తేమ చొరబడుతోంది. ఆ అంచులను మరో పదార్థంతో కప్పి సరిచేయడాన్ని పాసివేషన్ అంటాం. గ్రేస్ ఒక సేంద్రియ లవణాన్ని పైపొరగా వేసింది. చీకట్లో కరెంటు తగ్గింది కానీ వెలుతురులోనూ తగ్గిపోయింది. పైపొర మందమై దారి మూసేసింది. పలచన చేస్తే అంచులు సరిగ్గా మూసుకోలేదు. ఇలా ఎన్నో గాజుపలకలు పోయాయి. ఒకసారి గాజుపలకల పెట్టె తెరిచి, అందులో ఒక్కటీ పనికిరాదని చూసి, ఆమె బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

చివరికి లవణం పాళ్ళకన్నా దాన్ని చుక్కగా వేసే అదనులోనే కిటుకుందని ఆమె కనిపెట్టింది. గిర్రున తిరుగుతున్న పొర మీదే పలచని ద్రావణం పడాలి. నిలబడి ఉన్నప్పుడు పడితే మడుగు కడుతుంది. తర్వాత పైన గాజు మూత పెట్టి, అంచుల చుట్టూ జిగురుతో మూసేసింది. తేమ లోపలికి రాదు, సీసం బయటికి పోదు. తడి నింపిన పెట్టెలో చాలా రోజులు ఉంచి, దీపం ఆర్పి కొలిచింది. మీటరు ముల్లు సున్నాను వదలలేదు.

"మేడం, ఇంద చూడండి," అంది మెల్లగా. "ఏమీ లేదు. ఏమీ చెప్పడం లేదు అది."

నాకు ఆ సున్నా కన్నా ముందు ఆ తెలుగు వినబడింది.

పెద్ద ఆసుపత్రి నుంచి సరైన మీటరు ఒకటి అరువు తెచ్చి, రెంటినీ పక్కపక్కన పెట్టి సరిచూశాం. అంకెలు కలిశాయి. అప్పుడు మళ్ళీ వార్డుకు వెళ్ళాం. ఒక తొట్టిలో పొల్లాచ్చి నుంచి వచ్చిన ఆడపిల్ల ఉంది. కామెర్లు తగ్గవలసినంతగా తగ్గడం లేదని డాక్టరు ఆలోచనలో పడ్డారు. బిడ్డ పాలకు వెళ్ళినప్పుడు ఆ తొట్టి పరుపు మీద సెన్సరు పెట్టాం. దీపం ధగధగా వెలుగుతోంది, అంకె మాత్రం బాగా తక్కువ. అరువు మీటరూ అదే చెప్పింది. డాక్టరు బిడ్డను వేరే దీపం కిందికి మార్పించారు.

కొబ్బరి ఎండబెట్టే కళ్ళంలో పనిచేసే ఆ బిడ్డ తల్లి కంగారుపడి, "ఏమిట్కి మారుస్తా ఉండారు?" అని అడిగింది.

"ఆ లైటు ముసలిదైపోయినాది సామీ," అని రోస్‌లిన్ సిస్టర్ ఆమె తల నిమిరింది. "దానికి రెస్టు ఇస్తాము."

తర్వాతి రక్తపరీక్షల్లో కామెర్లు దిగాయి. తల్లీబిడ్డలు ఇంటికి వెళ్ళారు.

గ్రేస్ సమీక్ష కొంచెం ఆలస్యమై, బాగానే జరిగింది. తర్వాత వచ్చిన బహిరంగ వైవాకు, అంటే పీహెచ్‌డీ చివరి మౌఖిక పరీక్షకు, వాళ్ళ బంధువులంతా మంచి బట్టల్లో వచ్చి వెనక వరుసలు నింపారు. పరీక్షకుల ప్రశ్నలయ్యాక, సభలో ఎవరైనా అడగొచ్చని అధ్యక్షుడు రివాజుగా అన్నారు. రోస్‌లిన్ సిస్టర్ లేచి నిలబడింది.

"ఇంకొకటి ఎప్పుడు చేసిస్తావు పాపా? మాకు పై అంతస్తులో కూడా తొట్టిళ్ళు ఉండాయి."

పరీక్షకుడికి తెలుగు రాదు. నేనే అనువదించాను. హాలంతా నవ్వింది, గ్రేస్ కళ్ళు తుడుచుకుంది.

అంతకుముందు విద్యార్థులు గ్రాఫు తెస్తే, వెలుతురు పడినప్పుడు గీత ఎంత పైకి వెళ్ళిందని అడిగేదాన్ని. ఇప్పుడు ముందు దీపం ఆర్పి కొలిచింది చూపించమంటాను. ఏమీ లేనప్పుడు ఏమీ లేదని చెప్పగలిగిన పరికరాన్నే, పక్కన బిడ్డను పెట్టుకున్న మనిషి నమ్మగలదు.